పాట, ఆట, మాట ఒకే ఊపిరిలో: యూత్ మ్యూజికల్‌లో మీ పాత్రకి సిద్ధం కావడం ఎలా?

“ఆడిషన్‌కి ఏ పాట పాడాలి?” “డాన్స్ చేస్తూ పాడితే ఆయాసం వచ్చేస్తోంది, ఏం చేయాలి?” “స్టేజీ మీద లైన్ మర్చిపోతే ఎలా?” నేను మ్యూజికల్స్‌లో, అంటే పాట, డాన్స్, డైలాగు కలిసిన నాటకాల్లో చేస్తానని తెలిసిన అమ్మాయిలూ, వాళ్ల అమ్మానాన్నలూ తిప్పి తిప్పి అడిగేవి ఈ మూడే. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

నేను పదకొండేళ్లప్పుడు కోరస్‌లో, అంటే గుంపుగా పాడి ఆడేవాళ్లలో, వెనక వరుసలో మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు పంతొమ్మిది. మొత్తం ఏడు మ్యూజికల్స్ చేశాను. నాలుగింటిలో కోరస్, ఒకదానిలో అండర్‌స్టడీ (అసలు నటి రాలేకపోతే ఆ పాత్ర చేయడానికి సిద్ధంగా ఉండే అమ్మాయి), రెండింటిలో పెద్ద పాత్రలు. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటుంది. పాట ఒకచోట, డాన్స్ ఇంకోచోట, డైలాగు మరోచోట నేర్చుకుని ఆఖరి వారంలో కలిపేద్దాం అనుకుంటే అవి కలవవు. మీకున్నది ఒకటే ఊపిరి. మూడూ దాని మీదే నడవాలి. కాబట్టి మొదటి రోజు నుంచే మూడిటినీ ఆ ఊపిరికి కట్టుకుంటూ రావాలి.

ఏమేం కావాలి

- పెన్సిల్, రబ్బరు. పెన్ను వద్దు. ఇవాళ కుడివైపు నుంచి రమ్మన్న డైరెక్టర్ రేపు ఎడమవైపు నుంచి రమ్మంటారు.
- స్క్రిప్టు, పాటల నొటేషన్. మీరు వేయబోయే వెర్షన్‌వే అయి ఉండాలి.
- రికార్డింగ్‌కి ఫోన్.
- నీళ్ల సీసా, ఒక స్ట్రా.
- షోలో వేసుకోబోయే బూట్లు, లేదా అంతే ఎత్తు మడమ ఉన్నవి.
- ఇంట్లో నాలుగడుగులు వేయగలిగినంత ఖాళీ జాగా.
- మీ పాట ఇంతవరకూ వినని మనిషి ఒకరు. వీళ్లతో పనేంటో అయిదో మెట్టులో చెప్తాను.

వెర్షన్ గురించి ముందే ఒక హెచ్చరిక. పేరున్న మ్యూజికల్స్ చాలావాటికి పిల్లల కోసం విడిగా తయారుచేసిన రూపాలుంటాయి. ‘బ్రాడ్వే జూనియర్’ పేరుతో వచ్చేవి సుమారు 60 నిమిషాలకి కుదించినవి. వాటిలో పాటల శ్రుతిని కూడా చిన్న గొంతులకి తగ్గట్టు మారుస్తారు. మీరు ఇంట్లో పెద్దవాళ్ల రికార్డింగ్ విని నేర్చుకుని వెళ్తే అక్కడ శ్రుతి వేరు, చరణాలు వేరు, ఒక్కోసారి మాటలే వేరు. ఒకసారి తప్పుగా పట్టుబడినదాన్ని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

1. ఆడిషన్ పాట: కష్టమైనది కాదు, మీది అనిపించేది

ఆడిషన్లలో సాధారణంగా పాటంతా వినరు. 16 బార్లు లేదా 32 బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవృతం) పాడమంటారు. బార్‌కి నాలుగు దెబ్బల తాళంలో, నిమిషానికి 120 దెబ్బల వేగంతో లెక్కేస్తే 16 బార్లంటే 32 సెకన్లు. అంతే సమయం. కాబట్టి మెల్లగా మొదలై చివర్లో అందుకునే పాటలో మొదటి భాగం పట్టుకెళ్తే మీరేంటో తెలిసేలోపే అయిపోతుంది. పాటలో ఏదో ఒకటి మారే చోటు వెతకండి. భయపడుతున్న పిల్ల తెగించే చోటు, సరే అనబోయి కాదనే చోటు. ఆ మలుపు మీ 32 సెకన్ల మధ్యలో పడేలా కత్తిరించుకోండి.

అందరూ చేసే పొరపాటు, వాళ్ల గొంతుకి అందే ఆఖరి స్వరం ఉన్న పాట ఎంచుకోవడం. ఇంట్లో పదిసార్లలో ఏడుసార్లు అందితే చాలనుకుంటారు. ఆడిషన్ గదిలో టెన్షన్‌కి గొంతు బిగుస్తుంది, ఆ ఏడు మూడవుతాయి. పొద్దున నిద్ర లేచిన గంటకి కూడా హాయిగా అందే స్వరమే మీ పాటలో పై స్వరం కావాలి.

వయసుకి తగ్గ పాట కూడా చూసుకోండి. పదమూడేళ్ల పిల్ల పెళ్లి విడిపోయిన ఆవిడ పాట పాడితే గొంతు ఎంత బావున్నా వినేవాళ్లకి నమ్మకం కుదరదు. రెండు పాటలు సిద్ధంగా ఉంచుకోండి, ఒకటి హుషారుది, ఒకటి నిదానంది. “ఇంకేమైనా ఉందా?” అని అడిగితే బిత్తరపోకుండా ఉంటారు.

2. ఆడిషన్ గదిలో

పియానో వాయించేవాళ్లు ఉంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి నొటేషన్ ఇచ్చి, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి అని వేలుపెట్టి చూపించండి. వేగం చెప్పడానికి చిటికెలు వేయకండి, మొదటి లైన్ చిన్నగా పాడి వినిపించండి. చిటికెలేస్తే కొందరికి అది అధికారం చేసినట్టు అనిపిస్తుంది, పైగా కంగారులో ఉన్నప్పుడు మన చిటికె ఎప్పుడూ వేగంగానే పడుతుంది. ట్రాక్ (ముందే రికార్డ్ చేసిన సంగీతం) మీద పాడాలంటే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కత్తిరించిన ముక్క మొదటికి తెచ్చి ఉంచండి.

పాడేటప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్ల కళ్లలోకి చూస్తూ పాడకండి. వాళ్లు రాసుకోవాలి, మీరు చూస్తుంటే రాయలేరు. వాళ్ల తలల మీదుగా కాస్త పైన ఒక చోటు ఎంచుకుని, మీరు ఎవరికి పాడుతున్నారో ఆ మనిషిని అక్కడ నిలబెట్టుకోండి.

డాన్స్ ఆడిషన్‌లో స్టెప్పు పోయినా నిలబడిపోకండి, తర్వాతి ‘ఒకటి’ (స్టెప్పుల లెక్క మళ్లీ మొదలయ్యే చోటు) దగ్గర అందుకోండి. వాళ్లు చూసేది స్టెప్పులన్నీ వచ్చాయా అని మాత్రమే కాదు, పోయినప్పుడు ఏం చేశారని కూడా. ముఖం చిట్లించి “అయ్యో” అనేస్తే గమనించనివాళ్లు కూడా గమనిస్తారు.

3. జాబితాలో మీ పేరు పక్కన ‘కోరస్’ అని ఉంటే

ఏడుపొస్తే ఏడవండి, తప్పులేదు. నాకూ వచ్చింది. తర్వాత పనిలోకి దిగండి. 1977లో బ్రాడ్వేకి (న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల ప్రాంతం) వచ్చిన ‘యానీ’ మ్యూజికల్‌లో అనాథ పిల్ల యానీగా పేరు తెచ్చుకున్న ఆండ్రియా మెకార్డిల్‌ని మొదట తీసుకున్నది మిగతా అనాథ పిల్లల్లో ఒకరిగానే. అంతకుముందు ఏడాది వేరే ఊళ్లో వేసిన ప్రదర్శనలప్పుడు ఆమెని ముఖ్య పాత్రకి మార్చారు. అలా అందరికీ జరుగుతుందని కాదు. కానీ కోరస్‌లో ఉన్నవాళ్లని ఎవరూ చూడరన్న మాట మాత్రం నిజం కాదు.

కోరస్‌లో ఉంటే మీ పాత్రకి ఒక పేరు, ఒక పని, ఈ సీన్లోకి ఎందుకొచ్చిందో ఒక కారణం రాసుకోండి. మూడు లైన్లు చాలు. సంతలో నిలబడ్డ ‘గుంపులో అమ్మాయి’కి ఏం చేయాలో తెలియక చేతులు వేలాడేసుకుంటుంది. అప్పు తీర్చలేక ఒక దుకాణం వైపు చూడకుండా తప్పించుకు తిరుగుతున్న అమ్మాయికి చేయడానికి బోలెడంత పని ఉంటుంది.

ఒకే పాత్రని ఇద్దరు ముగ్గురికి వంతులవారీగా ఇవ్వడం కూడా యూత్ థియేటర్లో మామూలే. దాన్ని పోటీగా తీసుకుంటే రిహార్సల్ నరకమవుతుంది. లండన్‌లో ‘మటిల్డా’ మ్యూజికల్‌లో మటిల్డా పాత్రని వంతులేసుకుని చేసిన నలుగురమ్మాయిలకీ 2012లో ఒలివియర్ అవార్డు (అక్కడి థియేటర్‌వాళ్లకి ఇచ్చే పెద్ద అవార్డు) ఉమ్మడిగానే ఇచ్చారు. అవతలి అమ్మాయి చేస్తున్నప్పుడు ఫోన్ చూసుకోకుండా కూర్చుని చూడండి. మీకు తట్టనిది ఆమెకి తడుతుంది.

అండర్‌స్టడీ అయితే ఒకటే మాట: లైన్లు నేర్చుకుంటే సరిపోదు, ఆ పాత్ర వేసే అమ్మాయి కాళ్లూ చేతులూ ఎలా కదులుతాయో నేర్చుకోవాలి. నాకు సాయంత్రం ఆరున్నర షోకి నాలుగింటికి ఫోన్ వచ్చింది. లైన్లన్నీ వచ్చు, పాటలన్నీ వచ్చు. రెండో సీన్లో లాంతరు పట్టుకుని తలుపు తీసుకుని లోపలికి రావాలి. ఆ అమ్మాయి లాంతరు ఎడమచేత్తో పట్టుకునేదని నేనెప్పుడూ గమనించలేదు. కుడిచేత్తో తీసుకున్నాను. తలుపు పిడి కూడా కుడిచేతివైపే. పాట మొదటి రెండు లైన్లూ తలుపు అవతలే పాడి, లాంతరు చెయ్యి మార్చుకుని అప్పుడు లోపలికి వచ్చాను. అందుకే చెప్తున్నా, అండర్‌స్టడీ చేసేవాళ్లు పక్కన కూర్చుని మూడు రాసుకోండి: ఏ చేత్తో ఏం పట్టుకుంది, ఎటువైపు నుంచి వచ్చి ఎటు పోయింది, బయటికి వెళ్లాక తర్వాతి సీన్‌కి ఎంతసేపుంది.

4. స్క్రిప్టు మీద గుర్తులు

మీ లైన్లకి రంగు పూయడం అందరూ చేస్తారు. దానికన్నా ముఖ్యం, మీ లైన్‌కి ముందున్న ఎదుటివాళ్ల ఆఖరి మాట కింద గీత గీసుకోవడం. మీరు మాట్లాడేది ఆ మాట విన్నందుకు. మీ లైన్లు మాత్రమే బట్టీ కొడితే ఎదుటివాళ్ల మాట వినపడగానే మీ నోరు కదులుతుంది కానీ మనసు కదలదు.

కదలికలు రాసుకునేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. స్టేజీ కుడి, ఎడమ అంటే ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడ్డ నటుడి కుడి, ఎడమ. ‘అప్‌స్టేజ్’ అంటే ప్రేక్షకులకి దూరంగా, వెనక్కి. పాత థియేటర్లలో స్టేజీ వెనకవైపు ఎత్తుగా, ముందుకి వాలుగా ఉండేది కాబట్టి ఆ పేరు. మొదటి నెలలో అందరూ ఇక్కడ తికమకపడతారు.

5. పాటని ముందు మాటగా పట్టుకోండి

ఇక్కడ తొందరపడకండి. మిగతా మెట్లన్నీ దీనిమీదే నిలబడతాయి.

మొదటి మూడు రోజులు రాగం లేకుండా పాటని డైలాగులా చెప్పండి. నేను అల్లిన లైన్ ఒకటి తీసుకుందాం. “ఈ తలుపు తీస్తే వెలుగు వస్తుందని ఎవరు చెప్పారు నీకు”. ఈ మాట అంటున్నది అక్క, వింటున్నది చెల్లెలు. చెల్లెల్ని వెక్కిరిస్తూ ఒకసారి చెప్పండి. చెల్లెలు మోసపోయిందని భయపడుతూ ఒకసారి చెప్పండి. తనకీ నమ్మాలనే ఉంది కానీ ధైర్యం చాలక అంటున్నట్టు ఇంకోసారి. మూడుసార్లూ బరువు వేరే వేరే మాట మీద పడుతుంది. ఒకసారి ‘వెలుగు’ మీద, ఒకసారి ‘ఎవరు’ మీద, ఒకసారి ‘నీకు’ మీద. మీ సీన్‌కి ఏది సరిపోతుందో తేల్చుకున్నాకే రాగంలోకి వెళ్లండి.

రాగం ఎక్కాక ఆ బరువు ఎగిరిపోవడం సహజం. స్వరం పైకి వెళ్లిన మాటే పెద్దదై కూర్చుంటుంది. అప్పుడు మళ్లీ ఒకసారి మాటగా చెప్పి, వెంటనే పాడండి. మాట, పాట, మాట, పాట. నాకు ఒక్కో చరణానికి ఇది పది పదిహేనుసార్లు పడుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకునే పరీక్ష ఇదిగో. మీరు పాడింది ఫోన్‌లో రికార్డ్ చేసి, ఆ పాట ఎప్పుడూ వినని మనిషికి ఒక్కసారే వినిపించి, విన్న మాటలు రాయమనండి. మీరు పక్కన కూర్చోకండి, పెదవులు చదివేస్తారు. రాసింది చూస్తే ఎక్కడ మింగేస్తున్నారో బయటపడుతుంది. నూటికి తొంభైసార్లు లైన్ చివరి మాటే పోతుంది. ఊపిరి అయిపోతుంటుంది కదా, చివరి మాటని వదిలేసి తర్వాతి లైన్‌కి పరిగెత్తుతాం. విచిత్రమేంటంటే అసలు సంగతి చాలాసార్లు ఆ చివరి మాటలోనే ఉంటుంది.

లైన్లు నోటికి వచ్చాయా లేదా అన్నదానికి పరీక్ష వేరు. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని చెప్పగలిగితే వచ్చినట్టు కాదు. బంతి గోడకేసి కొట్టి పట్టుకుంటూ చెప్పండి. లేదా ఎవరినైనా మధ్యలో ఏదో ఒక లైన్ చదవమని అక్కడి నుంచి అందుకోండి. మొదటి నుంచి మొదలుపెడితే తప్ప రావట్లేదంటే ఇంకా రాలేదని అర్థం.

6. ఊపిరి పటం: ఆయాసం ప్రశ్నకి జవాబు

“స్టామినా లేదక్కా” అంటారు అందరూ. స్టామినా కావాలి, నిజమే. కానీ నేను చూసినంతలో చాలామందికి ఆయాసం వచ్చేది ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే ఖాయం చేసుకోకపోవడం వల్ల. ఒక్కో రోజు ఒక్కో చోట తీసుకుంటారు. అది డాన్స్‌తో ఢీకొంటుంది.

ఇలా చేయండి.

ముందు స్క్రిప్టులో ఊపిరి తీసుకునే ప్రతిచోటా చిన్న గీత పెట్టండి. పై లైన్‌నే చూడండి: “ఈ తలుపు తీస్తే / వెలుగు వస్తుందని / ఎవరు చెప్పారు నీకు”. ‘వెలుగు’ తర్వాత ఆగితే అర్థం తెగిపోతుంది, అక్కడ గీత వద్దు.

తర్వాత డాన్స్ నేర్పినప్పుడు ప్రతి మాట మీద ఏ స్టెప్పు పడుతోందో ఆ లైన్ పైన రాయండి. డాన్సర్లు ఎనిమిది దాకా లెక్క పెడతారు కదా, ఆ అంకెలు వేసుకున్నా చాలు. ఇప్పుడు రెండూ కలిపి చూడండి. మీరు గీత పెట్టిన చోట గిర్రున తిరగడమో, ఎగరడమో ఉంటే అక్కడ ఊపిరి అందదు. ఎగిరేముందు మోకాళ్లు వంచుతాం చూశారా, ఊపిరి అప్పుడు తీసుకోవాలి, గాలిలో ఉన్నప్పుడు కాదు. గీత ఒక దెబ్బ ముందే వచ్చేలా జరపండి. అది కూడా కుదరకపోతే డాన్స్ మాస్టర్‌ని అడగండి. “ఇక్కడ నాకు ఊపిరి అందట్లేదు, ఈ తిరగడం ఒక కౌంట్ తర్వాత పెట్టొచ్చా?” అని మర్యాదగా, కారణంతో అడిగితే చాలామంది మారుస్తారు. కాదంటే ఆ ఒక్క మాటని కోరస్‌కి వదిలేయొచ్చా అని సంగీతం చూసుకునేవాళ్లని అడగండి. చాటుగా మీరే వదిలేయకండి.

మూడోది, పాడకుండా డాన్స్ చేస్తూ గీత ఉన్నచోటల్లా ఊపిరి మాత్రం తీసుకోండి. పక్కవాళ్లకి వింతగా ఉంటుంది, పర్వాలేదు. తర్వాత మాటలు చెప్తూ డాన్స్. ఆ తర్వాత పాడుతూ డాన్స్. ఈ వరస తప్పించకండి.

పాటకి అవసరమైన దమ్ము పెంచుకోవడానికి ఉన్నచోటే నెమ్మదిగా జాగింగ్ చేస్తూ పాట మొత్తం పాడండి. మొదటి వారం ఒక చరణం, తర్వాత రెండు. భుజాలు పైకి లేస్తుంటే ఊపిరి పైపైనే ఆగుతోందని గుర్తు. నడుం చుట్టూ చేతులు పెట్టుకుని చూడండి, పక్కటెముకల కింద వెడల్పు కావాలి. తల తిరిగినా, ఛాతీలో నొప్పి అనిపించినా ఆపేయండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇది మొదలుపెట్టేముందు డాక్టర్‌ని అడగండి, ఇన్హేలర్ వింగ్‌లో (స్టేజీ పక్కన ప్రేక్షకులకి కనిపించని చోటు) ఎక్కడ పెట్టారో స్టేజ్ మేనేజర్‌కి చెప్పి ఉంచండి.

పరీక్ష: వీడియో తీసి, బొమ్మ చూడకుండా శబ్దం మాత్రమే వినండి. ఎక్కడ డాన్స్ చేస్తున్నారో వినికిడిని బట్టి తెలిసిపోతోందా? తెలిసిపోతుంటే ఆ చోటికి మళ్లీ వెళ్లండి. తర్వాత శబ్దం తీసేసి బొమ్మ మాత్రమే చూడండి. పాట ఆగి సంగీతం మాత్రమే వచ్చే చోట మీ ముఖం ఖాళీ అయిపోతోందా? నోట్లో అంకెలు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయా? ఈ రెండోది నాకు పదహారేళ్ల దాకా పోలేదు.

7. గొంతు

పద్నాలుగేళ్లప్పుడు నాకు ఎత్తు శ్రుతి పాట ఒకటి ఇచ్చారు. నేర్పిస్తున్నవాళ్లు “ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా” అన్నారు. నొప్పిగా ఉందని చెప్పడానికి సిగ్గుపడ్డాను, పాత్ర తీసేస్తారని భయపడ్డాను. మూడు వారాలు అలాగే లాగాను. నాలుగో వారం ఒక పొద్దున లేచి అమ్మని పిలుద్దామంటే గాలి తప్ప మాట రాలేదు. రెండు వారాలు మాట్లాడొద్దన్నారు డాక్టర్. ఆ షో నేను ప్రేక్షకుల్లో కూర్చుని చూశాను. మీకు ఆ రోజు రాకూడదు.

పాడితే గొంతు అలసిపోవచ్చు కానీ నొప్పి పుట్టకూడదు. నొప్పి పుడితే అదే రోజు చెప్పండి. శ్రుతి తగ్గించమని అడగడం చిన్నతనం కాదు, స్టేజీ మీద పెద్దవాళ్లు కూడా అడుగుతారు.

మగపిల్లల గొంతు మారుతుందని అందరికీ తెలుసు. ఆడపిల్లల గొంతు కూడా ఆ వయసులో మారుతుంది, అంత గట్టిగా బయటపడదు, అంతే. కొన్నాళ్లు గాలి కలిసినట్టు వినిపించొచ్చు, నిన్నటిదాకా అందిన స్వరం ఇవాళ జారిపోవచ్చు. బలవంతంగా నొక్కి ఆ గాలి శబ్దం పోగొట్టాలని చూడకండి.

రోజూ చేయాల్సినవి కొద్దిగానే ఉన్నాయి. పెదవులు వదులుగా పెట్టి బుర్రుమనిపిస్తూ కిందికీ పైకీ రెండు నిమిషాలు. గ్లాసులో రెండు వేళ్ల లోతు నీళ్లలో స్ట్రా పెట్టి, బుడగలు వస్తుండగా పాట రాగం లాగడం ఇంకో మూడు నిమిషాలు. నీళ్లు పొద్దున నుంచీ కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి, స్టేజీ ఎక్కేముందు సీసాడు తాగితే కడుపు బరువెక్కడం తప్ప గొంతుకి అప్పటికప్పుడు ఒరిగేదేం లేదు. గొంతు పదేపదే సవరించుకోకండి, ఒక గుక్క మింగండి. గొంతు బాలేనప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటాం, చాలామందికి దానివల్ల ఇంకా బిగుస్తుంది. అసలు మాట్లాడకపోవడమే మంచిది. మొద్దుబార్చే స్ప్రేలు కొట్టుకుని పాడటం మాత్రం ఎప్పుడూ వద్దు, నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. బొంగురు రెండు మూడు వారాలకి కూడా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి.

రిహార్సల్లో ప్రతిసారీ పూర్తి గొంతుతో పాడక్కర్లేదు. లైటింగ్ కోసమో, స్టెప్పుల కోసమో చేస్తున్నప్పుడు “ఇప్పుడు తగ్గించి పాడొచ్చా?” అని అడిగి తగ్గించండి. మాటలు మాత్రం స్పష్టంగా పలకండి.

8. టెక్ వారం

షోకి ముందు వచ్చే ఈ వారంలో లైట్లు, సౌండ్, సెట్టు, బట్టలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. లైవ్ ఆర్కెస్ట్రా ఉంటే ‘సిట్జ్‌ప్రోబ్’ అని ఒక రిహార్సల్ ఉంటుంది. జర్మన్ మాట అది. డాన్స్ లేకుండా వాద్యాలతో కలిసి పాడటమే. ఇన్నాళ్లూ ఉత్త పియానో విని ఉంటాం, మీ లైన్‌కి ముందు ఏ వాద్యం మోగుతోందో ఆ రోజు చెవిలో వేసుకోండి, అదే మీకు కొత్త సంకేతం.

టెక్ రిహార్సల్లో నటన గురించి ఎవరూ ఏమీ అనరు. గంటసేపు ఒకే చోట నిలబెడతారు. బాధపడకండి, ఆ రోజు లైట్లది. “హోల్డ్” అని వినగానే ఉన్నచోటే ఆగిపోండి, మాట్లాడకండి. ఆ మాట చాలాసార్లు మీ పైన ఏదో కదులుతోందనో, మీ వెనక ఏదో తెరుచుకుందనో చెప్పడానికే వస్తుంది.

లైట్లన్నీ ఆరిపోయినప్పుడు బయటికి వెళ్లాలంటే నేల మీద మెరిసే టేపు ముక్కలుంటాయి. అవి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయో వెలుతురున్నప్పుడే నడిచి లెక్కపెట్టుకోండి. చీకటి పడేముందు రెండు మూడు సెకన్లు ఒక కన్ను మూసుకుని, చీకటి పడ్డాక తెరిస్తే ఆ కంటికి కాస్త ముందుగా కనిపిస్తుంది. ముఖం ప్రేక్షకులవైపు లేనప్పుడే చేయండి.

వైర్‌లెస్ మైక్ పెడితే:

- హెయిర్ స్ప్రే, పౌడర్ అన్నీ అయ్యాకే మైక్ పెట్టించుకోండి.
- బుగ్గ మీదో, నుదుటి మీద జుట్టు మొదట్లోనో అంటించిన టేపు చెమటకి ఊడిందని మీరే సర్దుకోకండి. వింగ్‌లోకి వచ్చాక చెప్పండి.
- కౌగిలించుకునే సీన్ ఉంటే మైక్ లేని వైపు తల పెట్టాలి. ఇద్దరికీ మైకులుంటే ముందే మాట్లాడుకోండి.
- ఒంటికి కట్టే మైక్ బాక్సు స్విచ్ ముట్టుకోకండి. ఎప్పుడు మూయాలో సౌండ్‌వాళ్లు చూసుకుంటారు.
- బయటికొచ్చాక కూడా మైక్ ఆన్‌లోనే ఉందనుకుని మాట్లాడండి. బాత్రూమ్‌లో కూడా.

బట్టలు గబగబా మార్చుకోవాల్సిన చోటు ఉంటే గడియారం పెట్టి సాధన చేయండి. ఒకదాని కింద ఒకటి వేసుకుని వెళ్తే పని తగ్గుతుంది. మార్చుకునే చోటు నలుగురూ తిరిగే దారిలో ఉంటే అడ్డుతెర కావాలని అడగండి. సాయం చేసేవాళ్లు ఎవరైతే మీకు ఇబ్బంది ఉండదో కూడా చెప్పండి. ఇది అడగడానికి వెనకాడొద్దు. మీకు పద్దెనిమిది నిండకపోతే అమ్మానాన్నలకి కూడా తెలిసి ఉండాలి.

స్టేజీ మీద వాడే వస్తువులు పెట్టే బల్ల మీద ఒక్కోదానికి టేపుతో గీసిన గడి, పేరు ఉంటాయి. మీ వస్తువు మీరు షోకి ముందు చూసుకోవాలి, వాడాక అదే గడిలో పెట్టాలి. పక్కవాళ్ల వస్తువు సరదాకి కూడా ముట్టుకోకండి.

9. షో రోజు, తప్పు జరిగినప్పుడు

చెప్పిన టైమ్‌కి పదిహేను నిమిషాలు ముందే వెళ్లండి. సంతకం పెట్టి, గొంతు, ఒళ్లు వేడెక్కించుకుని, వస్తువులు చూసుకుని, ఖాళీ స్టేజీ మీద ఒకసారి నడవండి. టెన్షన్ పోదు. నాకు ఇప్పటికీ మొదటి పాట ముందు అరచేతులు చల్లబడతాయి. అది పోవాలని చూడకుండా, మొదటి లైన్ ఎవరికి చెప్తున్నానో ఆ మనిషిని వెతుక్కుంటాను. ఆ మనిషి కనిపిస్తే కాళ్లు వాటంతటవే కదులుతాయి.

లైన్ మర్చిపోతే మూడు దారులున్నాయి.

డైలాగు అయితే ఎదుటి మనిషిని నిజంగా చూడండి. నేలవైపు, పైకప్పువైపు కాదు. పాత్రకి ఏం కావాలో మీ మాటల్లో అడగండి. ఎదుటివాళ్లు అందిస్తారు. మీ తోటి నటులు మర్చిపోయినప్పుడు మీరు చేయాల్సింది కూడా అదే: “నువ్వు మీ నాన్న ఉత్తరం గురించి చెప్పబోతున్నావా?” అని ప్రశ్నలో వాళ్ల లైన్ ఇచ్చేయడం.

పాట అయితే సంగీతం ఆగదు. తప్పిన మాట కోసం వెనక్కి వెళ్లకండి. రాగాన్ని ఏదో ఒక అచ్చు మీద నిలిపి, తర్వాతి లైన్ మొదటి మాట దగ్గర ఎక్కేయండి. దీన్ని ఇంట్లో ముందే సాధన చేయొచ్చు. ఎవరినైనా మధ్యలో చప్పట్లు కొట్టమనండి, చప్పట్లు వినగానే ఒక లైన్ వదిలేసి తర్వాతి లైన్ అందుకోవాలి. వారంలో రెండు రోజులు ఇలా చేస్తే షోలో భయం సగానికి తగ్గుతుంది.

డాన్స్ అయితే పక్కవాళ్లని చూసి కలపకండి, వాళ్లు కూడా తప్పి ఉండొచ్చు. తర్వాతి ‘ఒకటి’ కోసం ఆగండి.

ఇంకా కొన్ని చిన్న తప్పులు, కానీ ముందు వరుసకి స్పష్టంగా కనిపించేవి: ఎదుటివాళ్ల డైలాగు మీ పెదవుల మీద ఆడటం, ప్రేక్షకుల్లో అమ్మ కనిపిస్తే నవ్వడం, వింగ్‌లో నిలబడి తొంగి చూడటం. ప్రేక్షకులు మీకు కనిపిస్తున్నారంటే మీరు వాళ్లకి కనిపిస్తున్నట్టే.

10. తెర పడ్డాక

మైక్ తీయించుకున్నాకే బట్టలు మార్చండి. వస్తువు దాని గడిలో పెట్టండి, బట్టలు హ్యాంగర్‌కి తగిలించండి. గట్టిగా అరుస్తూ సంబరం చేసుకోకండి, అలసిన గొంతు షోలో కన్నా ఎక్కువగా ఆ అరగంటలోనే పాడవుతుంది. మూడు నిమిషాలు స్ట్రాతో కిందిస్థాయిలో రాగం లాగి గొంతు చల్లార్చండి.

రేపు కూడా షో ఉంటే నిద్రపోయేముందు స్క్రిప్టు తీసి ఇవాళ ఊపిరి చాలని చోటు, మాట జారిన చోటు మాత్రమే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. మొత్తం మళ్లీ చదవకండి. రేపు గొంతు వేడెక్కించుకునేటప్పుడు ఆ రెండు మూడు చోట్లు నెమ్మదిగా నాలుగుసార్లు నడుస్తూ పాడి, బూట్లు తొడుక్కుని స్టేజీ మీదికి వెళ్లండి.